ముద్ర వేయు చేయి

నలువదియైదేండ్లు దాటిన బడిపంతులు సాయంకాలమున వీథియరుగుమీద చాప పరచుకొని, పిల్లలు పెన్సిలు గీతలు చెరపుకొను రబ్బరుముక్కలను చాకుతో చెక్కుచు, వానికి సిరా పూసి పోస్టుకార్డులమీద అద్దుచుండగా చూచినవారు నవ్వకుండుట కష్టము. మమ్ము చూచి నవ్వినవారు పలువురు కలరు. పంతులుగారికి పని తక్కువైనదని కొందరును, బాల్యము రెండవమారు వచ్చినదని కొందరును అనిరి. వారిని మేము తప్పు పట్టము. ఉత్తరము వ్రాయుటయే వింతయైన యీ దినములలో ఉత్తరమును అలంకరించుట వింతలలో వింత. చేతిలోని ఫోనులో ఒక్క వ్రేలితో పూలగుత్తిని పంపగల కాలమున, బెండకాయను కోసి సిరాలో ముంచి అయిదు రేకుల పూవును కార్డుపై వేయువానిని లోకము ఏమనుకొనును?

అయినను ఈ చిన్న పని మాకొక పాఠము నేర్పినది. అది మేము ఇరువదియేండ్లుగా తరగతిలో చెప్పుచున్న పాఠమే. మాకు వచ్చుననియే నమ్మియుంటిమి. రాలేదని ఒక సిరాదిండు మూలమున తెలిసినది. ఆ సంగతి దాచుకొనుటకంటె చెప్పుకొనుట మేలని తోచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

2022వ సంవత్సరమున మేము ఎనిమిదవ తరగతి పిల్లలకు లేఖారచన చెప్పుచుంటిమి. ఊరు, తేది, సంబోధనము, విషయము, సంతకము, చిరునామా అని వరుసగా నల్లబల్లపై వ్రాసితిమి. పిల్లలు చక్కగా చూచి వ్రాసికొనిరి. పాఠము ముగియుచుండగా వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, "అయ్యా, ఇది పంపడానికి ఎక్కడ నొక్కాలండీ?" అని యడిగెను. తరగతి యెల్ల నవ్వినది. మేమును నవ్వితిమి. ఇంటికి వచ్చిన పిదప మాత్రము నవ్వు రాలేదు. తనపేర వచ్చిన యుత్తరమును చేత పట్టుకొని చూచిన బిడ్డ ఆ తరగతిలో ఒక్కడును లేడు. లేనివస్తువునకు మేము వ్యాకరణము చెప్పుచుంటిమి.

మరునాడు తపాలా కచేరికి పోయి నలువది కార్డులు కొంటిమి. ఒక్కొక్కటి అర్ధరూపాయి, మొత్తము ఇరువది రూపాయలు. మన దేశమున తొలి పోస్టుకార్డు 1879 జూలై 1వ తేదీన పావు అణాకు అమ్మకమునకు వచ్చినది. అంతకు పదియేండ్ల క్రిందట, 1869లో, ఆస్ట్రియా దేశమున లోకమునకెల్ల మొదటి కార్డు పుట్టినది. ఇంత చవుకగా మనుష్యుని మాట మనుష్యునికి చేర్చిన వస్తువు ఆ కాలమున మరియొకటి లేదు. పిల్లలు తాతలకు, అమ్మమ్మలకు, పొరుగూరి మేనమామలకు వ్రాసిరి. వ్రాసిన పిదప ఒక బాలిక తన కార్డును తిరుగవేసి చూచి, "బోసిగా ఉందండీ" యనెను. ప్రధానోపాధ్యాయులవారి యనుమతి తీసికొని, పాఠశాల గుండ్రని ముద్రకు వాడు ఊదారంగు సిరాదిండును తరగతికి తెచ్చితిమి. ఎవరో మధ్యాహ్నపు వంటకు తెచ్చిన బెండకాయను అడ్డముగా కోసి యిచ్చిరి. నలువది కార్డులమీద ఊదాపూలు పూచినవి. సగము అలికిపోయినవి, కొన్నిటికి పూలకంటె వ్రేలిముద్రలే హెచ్చు. ఆ తరగతిలో అంతటి సందడిని అంతకు ముందు మేము చూచి యెరుగము.

పది దినములకు జవాబులు వచ్చుట మొదలిడినది. అందొక కార్డు మాకు నేటికిని జ్ఞాపకమున్నది. వ్రాతరాని తాత యొకడు పొరుగువానిచేత నాలుగు మాటలు వ్రాయించి, చివర తన బొటనవ్రేలి ముద్ర వేసి పంపెను. మనుమడు పూవును పంపగా తాత తన వ్రేలిని పంపెను. ఆ బాలుడు దానిని పుస్తకములో దాచుకొనెను. నాడే మాకును ఈ పిచ్చి పట్టినది.

ముద్ర మనకు క్రొత్త వస్తువు కాదు. హరప్పా, మొహెంజొదారో నగరములలో నాలుగువేల యేండ్లకు పూర్వపు మెత్తని రాతిముద్రలు దొరికినవి. ఎద్దును, ఏనుగును, ఖడ్గమృగమును వానిపై చెక్కిరి. ఆ పనివారును మా పిల్లలవలెనే కుడిని ఎడమగా, ఎడమను కుడిగా త్రిప్పి ఆలోచించినవారే. ఆ ముద్రలలోని వ్రాతను నేటివరకు నిశ్చయముగా చదివినవారు లేరు. వ్రాత చదువరాకున్నను, తడిమట్టిమీద ముద్రను అదిమిన చేయి యొకటి ఉండెనని మాత్రము తెలియుచున్నది.

సంస్కృతము చదివినవారికి ముద్ర యనగానే విశాఖదత్తుని ముద్రారాక్షసము జ్ఞప్తికి వచ్చును. రాక్షసమంత్రి యుంగరము చాణక్యుని చేతికి చిక్కును. చాణక్యుడు శకటదాసునిచేత, వానికి మర్మము తెలియకుండ, ఒక లేఖ వ్రాయించి, ఆ యుంగరముతో ముద్ర వేయించును. ఆ ముద్రను చూచి మలయకేతువు తనకు అండయైన రాక్షసునే ద్రోహియని నమ్మును. కత్తి దూయకయే ఒక మైత్రి కూలిపోవును. మేము ఈ నాటకమును పలుమారులు చదివితిమి, పాఠము చెప్పితిమి. చాణక్యుని నేర్పునే పొగడితిమి గాని, మలయకేతువు ముద్రను చూచెనే కాని దాని వెనుకనున్న చేతిని చూడడాయెనని మాకు తోచినది ఇటీవలనే. ఏల తోచినదో ముందు తెలియగలదు.

రబ్బరుముద్ర వీనికెల్ల చిన్నచెల్లెలు. పచ్చి రబ్బరు ఎండకు కరగి జిగురగును, చలికి బిగిసి పెళుసగును. అమెరికా దేశపు చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో గంధకము కలిపి వేడిచేసినచో ఆ దోషము పోవునని కనుగొనెను. పిదప దంతవైద్యులు పెట్టుడుపండ్ల దిమ్మలను గట్టి రబ్బరుతో పోయసాగిరి. అందుకై వారు వాడు చిన్న ఆవిరిపాత్రలలోనే 1860ల నడుమ తొలి రబ్బరు అచ్చులు తయారైనవి. పండ్లు పోసిన పాత్రలోనుండి కచేరీల మాట పుట్టినదన్నమాట. అటుపిమ్మట "అనుమతింపబడినది", "తిరస్కరింపబడినది" అను మాటలను వ్రాయుటకు మనుష్యుడు ఆలోచింప నక్కరలేకపోయినది, అదిమిన చాలును. తన బుద్ధి లేక యెవరు చెప్పినదానికి తల యూపువానిని మనవారును "రబ్బరుస్టాంపు" అందురు. వస్తువు తప్పు చేయలేదు; తప్పు వెనుకనున్న చేతిది.

ఆ వస్తువునే కచేరి బల్లనుండి తప్పించి మనస్సు గలవారు తమ పనికి వాడుకొనిరి. కుర్ట్ ష్విట్టర్స్ అను జర్మను చిత్రకారుడు 1919లో కచేరి ముద్రలనే అద్ది చిత్రములు రచించెను. న్యూయార్కున రే జాన్సన్ అను నతడు 1950, 60 ప్రాంతములలో చిత్రములను, ముద్రలను తపాలలో మిత్రులకు పంపుచు, వానికి చేర్చి మరియొకరికి పంపుడని కోరుచు, ఉత్తరమునే కళగా చేసెను. జపాను దేశమున 1931లో ఫుకుయి రైలుస్టేషనులో యాత్రికులు తమంత తామే వేసికొనుటకు ఒక ముద్రను ఉంచిరి. నేడు ఆ దేశమున పిల్లలు చిన్న పుస్తకము చేతబట్టుకొని ఊరూరి ముద్రను సేకరించుచున్నారు.

మా పద్ధతి యింతకంటె సులువైనది. బొమ్మను పలుచని కాగితముపై పెన్సిలుతో గీచి, దానిని రబ్బరుముక్కపై బోర్లించి గోటితో రుద్దిన యెడల తిరుగబడిన బొమ్మ దిగును. అక్షరములను చెక్కగోరువారు ఈ మెలకువ మరచిన, "శుభమ్" అద్దమందు చూచికొనవలసి వచ్చును. గీత ప్రక్కను చాకును నిలువుగా దింపరాదు. వెలుపలికి ఏటవాలుగా కోయవలెను. గీతకు అడుగున దన్ను లేనిచో నాలుగు అద్దకములకే విరుగును. అచ్చును దిండుపై మోదుటకంటె దిండునే అచ్చుపై తేలికగా తట్టుట మంచిది. అద్దునపుడు ఊగింపక, తిన్నగా దింపి తిన్నగా ఎత్తవలెను. కచేరి దిండ్ల సిరాలో గ్లిసరిను కలియుటచేత అది గాలిలోని తేమను పీల్చుకొని త్వరగా ఎండదు. పోస్టుకార్డు దానిని త్రాగును గాని నున్నని కవరు త్రాగదు. తడియారునంతవరకు చేయి తగిలిన అలుకును. నీటిసిరా వానకు కరగును గనుక చిరునామాను బాల్‌పెన్నుతోనే వ్రాయవలెను.

చిరునామా మాట వచ్చినది గనుక మరియొకటి. మన యలంకారమునకు తొలి చదువరి తపాలా బంట్రోతు. ఆయన దారికి మన పూలు అడ్డు కారాదు. చిరునామా చుట్టును, బిళ్ల అంటించు మూలయందును, పిన్ కోడు గళ్లయొద్దను తెల్లదనమును విడువవలెను. ఈ ఆరంకెల కోడు 1972 ఆగస్టు 15న వచ్చినది. దానిని కూర్చిన శ్రీరాం భికాజీ వేలంకర్‌గారు తపాలాశాఖ యుద్యోగియే గాక సంస్కృత కవి కూడ. మావంటి సంస్కృతపు పంతులు ఆ గళ్లను పాడుచేసిన మహాపరాధము గదా!

2023లో పిల్లలను బందరు ప్రక్కనున్న పెడనకు తీసికొనిపోతిమి. అక్కడ కలంకారీ యద్దకపు పనివారు టేకుచెక్క అచ్చులతో గుడ్డలు అద్దుదురు. కరక్కాయ నీటిలో పాలు కలిపి గుడ్డను తడిపి ఆరవేయుదురు. పాలలోని క్రొవ్వు రంగును ప్రాకనీయదు. తుప్పుపట్టిన యినుమును బెల్లపు నీటిలో పులియబెట్టి నల్లరంగు తీయుదురు. గీతలకు ఒక అచ్చు, లోపల నింపుటకు వేరొక అచ్చు. ఒక వృద్ధుడు అచ్చును గుడ్డపై పెట్టి అరచేతి మడమతో ఒక్క దెబ్బ వేయుచుండెను. వెనుకటి పూవు చివర ఎక్కడ ముగిసినదో, ముందటి పూవు అక్కడనే మొదలగుచుండెను. మా పిల్లలు దిండునిండ సిరా పోయుదురని విని ఆయన నవ్వి, "రంగెక్కువైతే పువ్వు చస్తుందండీ" యనెను.

ఇంటికి వచ్చి యీ సంగతులన్నియు చెప్పగా శ్రద్ధగా విన్నది మా మేనత్తగారు. ఆమెనుగూర్చి చెప్పవలెను.

మా యత్తయ్యకు ఇరువదినాలుగవ యేట, 1977లో, భర్త పోయెను. పిల్లలు లేరు. అప్పటినుండి ఆమె మా యింటనే యున్నది. మేము పుట్టునాటికే ఆమె నుదుట బొట్టు లేదు. బొట్టుతో ఆమె యెట్లుండెనో మేమెరుగము. అయిదవ తరగతివరకు చదివినది. మాకు అక్షరములు దిద్దించినది ఆమెయే. ఇంటి వాకిట నిత్యము ముగ్గు పెట్టునదియు ఆమెయే. పండుగనాడు మాత్రము చీపురు ఆమెది, ముగ్గుగిన్నె మరియొకరిది. ఏడాదికి సరిపడు పసుపుకొమ్ములు ఎండబెట్టి, దంచించి, జల్లించి డబ్బాల కెత్తునది ఆమె. శుభలేఖలకు పసుపు పెట్టునాడు ఆ గిన్నెలో చేయి పెట్టగూడనిదియు ఆమెయే. ఎవరును ఆమెను కసరుకొనలేదు. ఆమె తానే లోపలికి పోవుచుండెను. తానే పోవుచున్నది గదా యని మేమందరమును నెమ్మదిగా నుంటిమి.

మన ఉత్తరములకు ఆ పసుపే తొలి యలంకారము. నాలుగు మూలల పసుపు కనబడిన శుభవార్త. చావుకబురు తెచ్చిన కార్డును చదివి వెంటనే చించివేయుదురు, ఇంట ఉంచరు. అక్షరము రాని ముసలమ్మ కూడ కార్డును చూడగానే, చదువకయే, సంగతి గ్రహించుచుండెను. రంగునకు అంతటి భాష గలదు. అందుచేతనే ఆ రంగును ముట్టు చేతిని గూర్చి మనవారికి అంతటి పట్టింపు.

పెడన కథ విన్న మరునాడు అత్తయ్య మా చాపయొద్దకు వచ్చి కూర్చుండెను. మేము ఒక "శ్రీ"ని తిరుగవేసి చెక్కలేక అవస్థపడుచుంటిమి. ఆమె కొంతసేపు చూచి, "అక్షరాలతో ఎందుకురా అవస్థ? ముగ్గు చెక్కు. తిరగేసినా తిరగనిది ముగ్గే" యనెను. నిజమే! నడుమ గీత కిరువైపుల సమానముగా నుండు ముగ్గునకు అద్దమువలన భయము లేదు. ఆవిధముగా ఆమె తొమ్మిది చుక్కల ముగ్గొకటి రబ్బరుపై దింపి, కూరలు తరుగు చిన్న చాకుతో తానే చెక్కెను. ఏబదియేండ్లు వాకిట గీచిన చేయి వణకలేదు. మొదటి కార్డును బందరులోని తన బాల్యసఖికి పంపెను. ఆ సఖి జవాబులో, "కార్డు చూడగానే మీ వాకిలి కనబడింది" అని వ్రాసెను. ఆ మాటను అత్తయ్య మాకు మూడుమారులు చదివి వినిపించినది.

2024లో మా యన్నగారి కుమార్తెకు వివాహము నిశ్చయమైనది. మేమును మా యన్నగారును ఒకే యింట రెండు వాటాలలో నుందుము. బంధువులలో హెచ్చుమందికి ఫోనులోనే పత్రిక పోవును. అయినను పెద్దలకు, దూరపువారికి తపాలలో పంపవలసిన కవరులు నూటపది తేలినవి. ప్రతి కవరుమీదను అత్తయ్య ముగ్గును, ఒక మూలను మామిడియాకును వేయవలెనని పెండ్లికూతురే కోరినది. ఒక సాయంకాలము అందరమును చాపచుట్టు చేరితిమి. కవరుల కట్ట, సిరాదిండ్లు, ప్రక్కగా పసుపుగిన్నె. అత్తయ్య చేతులు కడుగుకొని వచ్చి, నిత్యము కూర్చుండు చోటనే కూర్చుండి, అచ్చును చేతికి తీసికొని మొదటి కవరుకై చేయి చాచెను.

ఆ క్షణమున మాకేమైనదో చెప్పుటకు నేటికిని సిగ్గగుచున్నది. "అత్తయ్యా, నీకు కళ్లకు శ్రమ కదా. ఇవి మేం చూసుకుంటాం. నువ్వు ఆ బడి కార్డులు వెయ్యి" అని, కవరులకట్టను మెల్లగా మావైపునకు లాగికొని, పిల్లలకు పంపవలసిన మామూలు కార్డులను ఆమె ముందు పెట్టితిమి. ఆమెకు అంతకు ముందటి యేడే రెండు కండ్లకును శుక్లములు తీసిరి; చూపులో ఆమె మాకంటె నయము. ఆమె ఏమియు అనలేదు. నాలుగు కార్డులు అద్దెను. దిండుకు మూత పెట్టెను. "దీపం పెట్టే వేళయింది" అని లేచి లోపలికి పోయెను.

మమ్ము ఎవరైన వారించిరా? లేదు. పురోహితుడు అక్కడ లేడు. వియ్యాలవారు ఆ మాటయే యెత్తలేదు. మా యన్నగారు లెక్కలు చూచుకొనుచుండిరి. ఎవరో ఏమో అందురను ఊహ తప్ప, అన్నవా రొక్కరును లేరు. ఇతరుల నోటి మాటను మేమే ముందుగా ఊహించి, వారి పక్షమున మేమే తీర్పు చెప్పి, మేమే అమలు జరిపితిమి. మంచి రబ్బరుస్టాంపు పని చేసితిమి.

ఏటేట డిసెంబరు మాసమున మేము తరగతిలో కందుకూరి వీరేశలింగముగారిని గూర్చి చెప్పుదుము. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరనియు, దానికై వారును వారి ధర్మపత్నియు వెలికిని నిందలకును ఓర్చిరనియు కంఠమెత్తి చెప్పుదుము. ఒకప్పుడు మా కండ్లు చెమర్చుటయు కలదు. వారు ఊరందరి యెదుట నిలిచిరి. మేమో, మా యింటి చాపమీద, మా వారి నడుమ, ఒక కవరుపై ఒక సిరాగుర్తు వేయనిచ్చుటకు జంకితిమి. అదియు ధైర్యముగా వద్దనలేదు. కండ్లనొప్పి నెపము పెట్టితిమి. చాణక్యుడు మరియొకని ముద్రతో అబద్ధమాడెను. మేము దయ యను ముద్ర వేసి అబద్ధమాడితిమి.

ఆ రాత్రి మేము వేసిన ముగ్గులు ఒకటి ప్రక్కకు ఒరిగినది, ఒకటి అలికినది, ఒకటి సగమే పడినది. భోజనమువేళ పెండ్లికూతురు, "బాబాయ్, ఈ ముగ్గు అమ్మమ్మది కదా. చెక్కిన ఆవిడ వేయకూడదా?" అనెను. తన తాతగారి చెల్లెలిని ఆ బిడ్డ అమ్మమ్మ యనియే పిలుచును. మేము బదులు చెప్పలేకపోతిమి. మా యన్నగారు తలయెత్తి మా మొగము చూచిరి. ఆయనకు అప్పుడే సంగతి తెలిసినది.

తెల్లవారి కవరులకట్ట పట్టుకొని అత్తయ్యయొద్దకు పోతిమి. ఆమె పెరటిలో తులసికోటయొద్ద నుండెను. ఎట్లు మొదలుపెట్టవలెనో తెలియక, "తప్పయిపోయింది, అత్తయ్యా" అంటిమి.

"రాత్రే తెలిసిందిరా నాయనా. కోపం లేదు. నలభైయేడేళ్లుగా అందరూ ఆపినచోటే నువ్వూ ఆపావు. కాస్త మర్యాదగా ఆపావు, అంతే."

చెంపపెట్టు తిన్నను మాకంత నొచ్చియుండదు. "ఇప్పుడు వేస్తావా?" అని యడిగితిమి.

"నీ మనసు కుదుటపడడానికైతే నాకొద్దు. నువ్వు పుణ్యం మూటకట్టుకోవడానికి నా చేయెందుకు? అచ్చులు సరిగా పడడం లేదంటే చెప్పు, వేస్తాను."

మేము రాత్రి పాడుచేసిన కవరులను చూపితిమి. ఆమె ఒక్కొక్కటే వెలుతురునకు పట్టి చూచి, "ఇవి ముగ్గులా? సిరా తొక్కిన కోడి నడిచినట్టుంది" అని ఫక్కున నవ్వెను. పదునాలుగు కవరులు పనికిరావని ప్రక్కన పడవేసెను. వానికి బదులు క్రొత్తవి తెప్పించితిమి.

ఆ మధ్యాహ్నమే అత్తయ్య చాపమీద కూర్చుండెను. దిండు అచ్చుపై రెండుమార్లు తట్టుట, కవరు మూల సరిచూచుట, అరచేతి మడమతో అదుముట, ఎత్తుట. నూటపది కవరులలో ఒక్కటియు ఒరుగలేదు. పెండ్లికూతురు పసుపుగిన్నెను ఆమె ముందుకు జరిపెను. అత్తయ్య దానివంక కొంతసేపు చూచెను. "పసుపు నీ పెళ్లిది, నువ్వు పెట్టు. ముగ్గు నాది, నేను వేస్తాను" అనెను. బిడ్డ బలవంతపెట్టబోగా మేము వారించితిమి. పసుపును తాకుటయో మానుటయో ఆమె యిష్టము. వద్దనుట ఆమె చేతిలో నుండవలెను గాని మా చేతిలో నుండరాదు. వారిద్దరును ఒకే చాపమీద, ఒకరు పసుపు, ఒకరు సిరా, ప్రొద్దు వాలువరకు పనిచేసిరి. ఆమె వ్రేళ్లు ఊదా, ఈమె వ్రేళ్లు పసుపు. కాఫీగ్లాసులమీద రెండు రంగులును కనబడినవి.

కవరులు చేరిన పిదప ఒక పెద్దాయన ఫోను చేసి, ముగ్గు బాగున్నదని మెచ్చి, ఎవరు వేసిరో విచారించి, అత్తయ్య పేరు వినగానే కొంచెము నసిగెను. "శుభలేఖలకు ఆవిడచేత..." అని మాట మ్రింగెను. మా యన్నగారు మిక్కిలి శాంతముగా, "అవునండీ, ఆవిడే. మా యింట ఇంకెవరికీ అంత తిన్నగా పడదు" అనిరి. అంతటితో ఆ ప్రసంగము ముగిసినది. ఆయన పెండ్లికి వచ్చెను, భోజనము చేసెను. ఏ యాకాశమును కూలలేదు. ఇంత సులభమైన మాటను నలువదియేడేండ్లలో మా యింట ఎవరును అనలేదు గదా యని మేము చింతించితిమి. సులభమని యిప్పుడు తెలిసినది. అప్పుడు పలికి చూచినవారు లేరు.

మేమొక పెద్ద సంస్కారము చేసితిమని చెప్పుకొనుటకు ఇది వ్రాయలేదు. చేసినది ఆమె, అడిగినది బిడ్డ. మేము అడ్డము వచ్చి, పిదప అడ్డము తొలగితిమి. చదువుకొన్న మావంటి గృహస్థులయందు దురాచారము కఱ్ఱ పట్టుకొని నిలువదు. నీకు శ్రమ యనును, నీకేల యనును, కుర్చీ వేసి దూరముగా కూర్చుండబెట్టును. దానిని గుర్తుపట్టుట కష్టము. పెద్ద సభలలో అది కనబడదు. పసుపుగిన్నె, సిరాదిండు, పీట, హారతిపళ్లెము, ఇట్టి చిన్న వస్తువులయొద్ద ఎవరి చేయి ముందుకు వచ్చుచున్నది, ఎవరి చేయి వెనుకకు పోవుచున్నది అని చూచినచో కనబడును.

చదువరులారా, పది పోస్టుకార్డులు కొనుడు. ఒక రబ్బరుముక్క, ఒక దిండు, ఒక చిన్న చాకు చాలును. మీ పిల్లలకు ఈ యాట మిక్కిలి నచ్చగలదు. వారి తాతలకు మరింత నచ్చగలదు. కాని అచ్చు తయారైన పిదప ఒక్క నిమిషము ఆగి, మీ యింట శుభకార్యములనాడు తనంత తానే లోపలికి పోవు మనిషి ఎవరో చూడుడు. ఆమె నేర్పును మీ పనికి నిజముగా అడుగుడు.

పెండ్లియైన మూడు వారములకు ఒక కవరు మాకు తిరిగి వచ్చినది. అందలి చిరునామాదారులు ఇల్లు మారిరట. ప్రయాణమున దాని అంచులు నలిగినవి. పసుపు కొంత రాలినది. ముందువైపున తపాలాశాఖవారి నల్లని తేదీముద్ర, దానికి జానెడు దూరము కూడ లేక అత్తయ్య ఊదాముగ్గు. ఒకటి ఒరిగియున్నది, ఒకటి తిన్నగా నున్నది. దానిని పారవేయ మనసొప్పక మా వ్రాతబల్లపై అద్దము క్రింద ఉంచితిమి. మొన్న అత్తయ్య దానిని చూచి, "ఇదెందుకు దాచావు? కొత్త చిరునామా కనుక్కుని పంపక" యని మందలించెను. చిరునామా తెలిసికొంటిమి. రేపు ఆమెచేత మరియొక కార్డు అద్దించి పంపెదము. ఇది మాత్రము మాయొద్దనే యుండును.